సోమవారం సాయంకాలాలూ, మేకులకు వేలాడిన మా పేర్లూ

మా ముందుగదిలో గోడ గడియారానికి కాస్త దిగువన ఒక చెక్క పలక వేలాడుతూ ఉండేది. దాని మీద వరుసగా ఐదు మేకులు, ఒక్కొక్క మేకు పైన నాన్నగారి గుండ్రటి చేతిరాతలో ప్రార్థన, గీతం, పాఠం, ఆట, ఫలహారం అన్న మాటలు, మేకులకు తగిలించిన అట్టముక్కల మీద మా ఐదుగురి పేర్లు ఉండేవి. నాన్నగారు, అమ్మ, నాయనమ్మ, నేను, తమ్ముడు. సోమవారం సాయంకాలపు కూడిక ముగియగానే అట్టముక్కలను ఒక్కొక్క మేకు ముందుకు జరిపే అధికారం తమ్ముడిది. దానిని వాడు ఎంత కచ్చితంగా చెలాయించేవాడంటే, జ్వరంతో మంచం మీద ఉన్న ఒక సోమవారం కూడా పలకను తన దగ్గరకు తెప్పించుకుని మరీ పేర్లు మార్చాడు. పిల్లలకు కృతజ్ఞత నేర్పడం ఎలాగని ఎవరైనా నన్ను అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తుకు వచ్చేది ఆ పలకే. మేము విన్న పాఠాలలో చాలా వాటిని మరచిపోయాను కానీ, ఏ వారం ఎవరి పేరు ఏ మేకుకు ఉందో చూసుకోవడానికి బడి నుంచి వస్తూనే ముందుగదిలోకి పరుగెత్తడం మాత్రం మరచిపోలేదు.

మా కుటుంబం యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘానికి చెందినది. వారంలో ఒక సాయంకాలాన్ని ఇంటివాళ్ళ కోసమే అట్టేపెట్టుకుని, అందరూ ఒకచోట కూర్చుని ప్రార్థించి, పాడి, లేఖనం చదివి, ఆడి, ఏదో ఒకటి తిని లేవడాన్ని మా సంఘంలో కుటుంబ గృహ సాయంకాలం అంటారు. తెలియనివారి కోసం దీని పుట్టుక గురించి రెండు మాటలు చెప్పాలి. 1909లో అమెరికాలోని సాల్ట్ లేక్ ప్రాంతంలో, గ్రానైట్ స్టేకులో ఇటువంటి ఏర్పాటు ఒకటి మొదలైంది. స్టేకు అంటే ఒక ప్రాంతంలోని స్థానిక సమాజాలు కొన్ని కలిసిన విభాగం. 1915 ఏప్రిల్‌లో అప్పటి సంఘాధ్యక్షుడు జోసెఫ్ ఎఫ్. స్మిత్, ఆయన సలహాదారులు కలిసి, నెలకు ఒక్కసారైనా ప్రతి కుటుంబమూ ఇంటి సాయంకాలం జరుపుకోవాలని సభ్యులందరికీ లేఖ రాశారు. అలా చేసే ఇళ్ళలో ప్రేమ, తల్లిదండ్రుల పట్ల విధేయత పెరుగుతాయని, పిల్లల హృదయాలలో విశ్వాసం వృద్ధి చెందుతుందని అందులో వాగ్దానం చేశారు. 1965లో, డేవిడ్ ఓ. మెకే అధ్యక్షుడిగా ఉన్న కాలంలో, అది వారానికి ఒకసారి జరుపుకునేదిగా మారి, దాని కోసం పాఠాల పుస్తకం వెలువడింది. 1970లో సోమవారాన్ని దానికి నిర్ణయించారు. సోమవారం సాయంకాలం సంఘ భవనంలో ఏ కార్యక్రమమూ పెట్టకూడదన్న పద్ధతి అందుకే వచ్చింది.

1993లో బెంగళూరు కేంద్రంగా మా సంఘపు ప్రచార విభాగం, అంటే మిషన్, ఏర్పడిన తరువాతి సంవత్సరాలలో మా అమ్మానాన్నలు సంఘంలో చేరారు. అప్పటికి దేశంలో ఒక్క స్టేకు కూడా లేదు. 2012లో హైదరాబాదులో మొదటి స్టేకు ఏర్పడే వరకు మావంటి వాళ్ళందరమూ బ్రాంచీలు అనే చిన్న చిన్న సమాజాలుగా ఉండేవాళ్ళం. గృహ సాయంకాలం ఎలా జరుపుకోవాలో చూసి నేర్చుకోవడానికి పెద్ద తరం అంటూ మాకు ఎవరూ లేరు. సంఘం 1983లో ప్రచురించిన గృహ సాయంకాలాల సహాయక గ్రంథం ఇంగ్లీషు ప్రతి ఒకటి నాన్నగారికి ఎవరో ఎల్డరు, అంటే మిషనరీ కుర్రవాడు, ఇచ్చి వెళ్ళాడు. ఆదివారం రాత్రి ఆయన నిఘంటువు పక్కన పెట్టుకుని అందులో ఒక పాఠం చదువుకునేవారు, సోమవారం తెలుగులో తన మాటల్లో చెప్పేవారు. పలక ఆలోచన కూడా మిషనరీల నుంచి వచ్చినదే. వాళ్ళ దేశంలో చాలా ఇళ్ళలో ఇటువంటివి ఉంటాయని వాళ్ళు చెబితే, ఏదో పెట్టె విరగ్గొట్టి తీసిన చెక్కను నాన్నగారు చిత్రిక పట్టి తయారు చేశారు. నాయనమ్మ తన పాత సంఘాన్ని విడిచిపెట్టలేదు, విడిచిపెట్టమని ఆమెను ఎవరూ అడగలేదు కూడా. అయినా సోమవారం మాత్రం అందరికంటే ముందు వచ్చి కూర్చునేది. ప్రార్థన మేకుకు నాయనమ్మ పేరు వచ్చిన వారం తమ్ముడు ముందుగానే గోడకు ఆనుకుని కూర్చునేవాడు, ఎందుకంటే ఆ ప్రార్థనలో బంధువులందరి పేర్లూ, వాళ్ళ రోగాలూ, పరీక్షలూ, పెళ్ళి సంబంధాలూ వరుసగా వచ్చేవి.

పాటకూ పాఠానికీ నడుమ కృతజ్ఞతల వంతు ఒకటి ఉండేది. దానికి పలక మీద మేకు లేదు, ఎందుకంటే అది అందరి వంతూను. మొదట్లో అది చాలా పేలవంగా నడిచింది. దేవునికి దేని కోసం కృతజ్ఞతలు చెబుతావు అని అడిగితే తమ్ముడు, అమ్మ, నాన్న, ఇల్లు, తిండి అని ఒక్క ఊపిరిలో అప్పజెప్పేవాడు. నేను ఆ వరుసను తిప్పి తిండి, ఇల్లు, నాన్న, అమ్మ అనేవాడిని. పిల్లలను ఇలా అడిగే ఇళ్ళన్నిటిలోనూ జరిగేది ఇదే అనుకుంటాను. అందులో పిల్లల తప్పు లేదు. ఎప్పుడూ ఉండే వాటిని కొత్తగా చూడమని ఏడేళ్ళ వాడిని అడిగితే వాడు చూడలేడు, అప్పజెప్పి బయటపడతాడు.

దీనిని మార్చింది అమ్మ. ఆమె బోధించే మనిషి కాదు, తన వంతు పాఠం వచ్చినప్పుడు కూడా కథ చదివి ఊరుకునేది. కానీ ఒక సోమవారం తమ్ముడు తన వరుస అప్పజెప్పగానే, పోయిన వారం చెప్పినవి ఈ వారం చెల్లవు అంది. తరువాత వారం మరొక షరతు చేర్చింది: చెప్పేది ఈ ఏడు రోజుల్లో జరిగినదై ఉండాలి. ఆ పైవారం మూడోది, అన్నిటికంటే కష్టమైనది: అది ఒక మనిషి చేసిన పని అయి ఉండాలి, ఆ పని చేయడానికి ఆ మనిషి ఏం వదులుకున్నాడో కూడా చెప్పాలి. మరి దేవుడో అని నాన్నగారు అడిగారు. దేవుడు మనకు ఇచ్చేవాటిలో ఎక్కువ భాగం మనుషుల చేతుల మీదుగానే వస్తున్నాయి కదండీ, ఆ చేతులను గుర్తుపడితే ఆయన ఎక్కడికి పోతాడు అంది అమ్మ. నాన్నగారు కాసేపు ఆలోచించి, తన పుస్తకంలో ఆ మాట ఒక మూల రాసుకున్నారు.

షరతులు వచ్చాక మొదటి కొన్ని వారాలు ఇబ్బందిగానే గడిచాయి. తమ్ముడు, కరెంటు వచ్చినందుకు, అన్నాడు. ఎవరికి అని అమ్మ అడిగింది. వాడికి తోచలేదు. రాత్రి గాలివానలో కరెంటు పోయి, మళ్ళీ తెల్లవారుజామున వచ్చింది. మధ్యలో ఎవరో ఒకరు స్తంభం ఎక్కి ఉండాలి కదా అని నాన్నగారు అందించారు. వానలో ఎక్కాడా అని తమ్ముడు అడిగాడు. మేమందరం కిటికీలు బిగించుకుని పడుకున్న వేళ ఒక మనిషి తడుస్తూ స్తంభం ఎక్కాడన్న విషయం వాడిని ఎంతగా పట్టుకుందంటే, చాలా రోజుల పాటు లైను మరమ్మతు చేసేవాళ్ళు ఎక్కడ కనబడినా నిలబడి చూసేవాడు. నేను మా లెక్కల మాస్టారి పేరు చెప్పాను. భోజనం విరామంలో తన డబ్బా మూసి పక్కన పెట్టి నాకు మళ్ళీ భిన్నాలు చెప్పారని, గంట కొట్టేసరికి ఆయన సగమే తిన్నారని చెప్పగానే, ఆ సగం డబ్బా సంగతి నేను నిజంగా చూసింది అప్పుడేనని నాకు తెలిసింది. బడిలో ఉండగా అది నా కంటిలో పడింది కానీ బుద్ధిలోకి ఎక్కలేదు. ఇంట్లో చెప్పవలసి వస్తుందన్న సంగతి వారమంతా మా కళ్ళకు పని పెట్టేది. ఆదివారం రాత్రికి కూడా ఏమీ దొరకకపోతే దిగులుగా ఉండేది.

అయితే మేము చెప్పినదాని కంటే, పెద్దలు చెప్పగా మేము విన్నదే ఎక్కువ పనిచేసిందని ఇప్పుడు అనిపిస్తుంది. నాయనమ్మ తన వంతులో తమ్ముడికి కృతజ్ఞతలు చెప్పింది: ఆటకు వెళ్ళబోతూ చెప్పులు వేసుకున్నవాడు, పిలవగానే తిరిగి వచ్చి సూదిలో దారం ఎక్కించి ఇచ్చాడట, విసుక్కోలేదట. వాడి మొహం చూడాలి. ఆ తరువాత వారం సూదులన్నిటికీ దారాలు ఎక్కించి పెట్టి నాయనమ్మ కుట్టుపెట్టెలో గుచ్చాడు. నాన్నగారు అమ్మకు, నెలాఖరున తాను దాచిన లెక్క తప్పినప్పుడు ఏమీ అనకుండా రాత్రి కూర్చుని పద్దులన్నీ సరిచేసినందుకు చెప్పారు. అమ్మ నాన్నగారికి, నా పరీక్షల వారంలో తనకు ఇష్టమైన రేడియో వార్తలను ఒక్క రోజు కూడా పెట్టనందుకు చెప్పింది. రేడియో మోగలేదన్న సంగతి నాకు తెలియనే తెలియదు. నా కోసం జరిగిన పని ఒకటి నాకు తెలియకుండా జరిగిపోయిందని, అమ్మ చెప్పకపోతే ఎప్పటికీ తెలిసేది కాదని గ్రహించినప్పుడు ఒక రకమైన కలవరం కలిగింది. ఇంకా ఇలాంటివి ఎన్ని ఉన్నాయో అనిపించింది. భార్యాభర్తలు పిల్లల ఎదుట ఒకరికొకరు ఇలా చెప్పుకోవడం మా చుట్టుపక్కల ఇళ్ళలో నేను చూడలేదు. నాన్నగారు కూడా మొదట్లో అమ్మ వైపు కాకుండా పలక వైపు చూస్తూ చెప్పేవారు.

ఇక ఫలహారం మేకు గురించి చెప్పాలి. అది ఎవరి వంతైతే వాళ్ళే ఆలోచించాలి, వాళ్ళే చేయాలి, తరువాత గిన్నెలు కడిగేది కూడా వాళ్ళే. చిన్నవాళ్ళకు పొయ్యి దగ్గర మాత్రం పెద్దలు తోడు ఉండేవారు. నాకు మొదటిసారి ఆ వంతు వచ్చినప్పుడు పండ్ల ముక్కలు కోసి పెట్టాలనుకున్నాను. తొక్క తీసి, గింజలు ఏరి, ఐదు గిన్నెలలో సమంగా సర్దడానికి దాదాపు సాయంత్రమంతా పట్టింది. అందరూ కబుర్లు చెప్పుకుంటూ నాలుగు నిమిషాల్లో తినేశారు. ఖాళీ గిన్నెలు చూస్తూ నేను కూర్చుండిపోయాను. ఎవరూ నాకు నీతి చెప్పలేదు, ఇప్పుడు తెలిసిందా అమ్మ కష్టం అని ఎవరూ అనలేదు. అనకపోవడమే మంచిదయింది. మరుసటి రోజు ఉదయం పళ్ళెం ముందు కూర్చున్నప్పుడు, ఈ భోజనం వెనుక ఎంత సాయంత్రం ఉందో నాకు నేనే లెక్క వేసుకున్నాను. పని చేయించుకునేవాడికి పని కనబడదు, అదే పని ఒకసారి తన చేతుల మీదుగా వెళితే ఆ తరువాత ఎవరు చేస్తున్నా కనబడుతుంది. పాఠం మేకుకు పేరు వచ్చినవాళ్ళకూ ఇదే అనుభవం. శ్రద్ధగా తయారు చేసుకుని చెబుతుంటే ఎదుట తమ్ముడు ఆవులిస్తే ఎలా ఉంటుందో తెలిసిన తరువాత, ఆదివారం మా తరగతికి చెప్పే సహోదరి ఎదుట నేను ఆవులించడం మానుకున్నాను.

పాఠాలలో నాకు బాగా గుర్తున్నది లూకా సువార్త పదిహేడవ అధ్యాయంలోని పదిమంది కుష్ఠరోగుల కథ. పదిమందీ స్వస్థత పొందారు, ఒక్కడే తిరిగి వచ్చాడు, వాడు యూదులు పరాయివాళ్ళుగా చూసే సమరయుడు; ఆ తొమ్మండుగురు ఎక్కడ అని యేసు అడిగాడు. నాన్నగారు ఇక్కడ ఆగి, మనం ఆ ఒక్కడిలా ఉండాలి అని చెప్పబోతుండగా తమ్ముడు అడ్డు వచ్చి, మిగతా తొమ్మిదిమందికి జబ్బు మళ్ళీ వచ్చిందా అని అడిగాడు. నాన్నగారు గ్రంథంలోకి చూసి, అలా ఏమీ రాసి లేదు అన్నారు. అంటే వాళ్ళకు కూడా బాగైనట్టేగా, మరి తిరిగి వచ్చి లాభం ఏమిటి అన్నాడు వాడు. వాడిది తుంటరి ప్రశ్న కాదు, న్యాయమైన సందేహం. ఆ సాయంకాలం పాఠం అక్కడే ఆగిపోయి చర్చగా మారింది. ఇచ్చినదాన్ని ఆయన వెనక్కి తీసుకోలేదంటే, కృతజ్ఞత అనేది దానికి చెల్లించవలసిన వెల కాదన్న మాట అని అమ్మ అంది. మరి ఆయన ఎందుకు అడిగాడు అంటే, ఎదురుచూశాడు కాబట్టి అంది నాయనమ్మ.

ఆ రాత్రి విన్న ఆ మాటల వల్లనే కావచ్చు, పిల్లలకు కృతజ్ఞత నేర్పడం గురించి నాకు ఒక మొండి అభిప్రాయం ఏర్పడిపోయింది. నీ కోసం ఇంత చేశాం, ఇంత ఖర్చు పెట్టాం, మా సుఖాలు వదులుకున్నాం అని పిల్లల ఎదుట ఏకరువు పెట్టడం అప్పులవాడు నోటు పట్టుకుని గుమ్మంలో నిలబడటం వంటిది. దాని వల్ల పిల్లలలో పుట్టేది భయమో, బరువో, లేకపోతే ఎప్పుడు తప్పించుకుందామా అన్న తొందరో తప్ప కృతజ్ఞత కాదు. బైబిలుతో పాటు మేము లేఖనంగా చదివే మోర్మన్ గ్రంథంలో బెంజమిన్ రాజు తన ప్రజలతో, మీరు మీ శక్తినంతా ధారపోసి దేవుణ్ణి సేవించినా ఇంకా ఆయనకు ఋణపడే ఉంటారు అని చెబుతాడు. దానిని బెదిరింపుగా చదివేవాళ్ళు ఉన్నారు. కానీ అదే ప్రసంగంలో ఆ రాజు తన చేతులతో తానే పని చేసుకున్నానని, ప్రజల మీద భారమైన పన్నులు వేయలేదని చెప్పి, అయినా ఇవి గొప్పలు చెప్పుకోవడానికి చెప్పడం లేదని అంటాడు. వసూలు చేయడం మానుకున్న రాజు నోట వచ్చిన మాట కాబట్టే దానికి విలువ. మా అమ్మ తన కష్టాన్ని ఎన్నడూ తన నోటితో చెప్పలేదు. నాన్నగారు చెప్పేవారు, నాన్నగారి కష్టాన్ని ఆమె చెప్పేది. ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకోకూడదు, పక్కవాళ్ళది చూసి చెప్పాలి అన్నది మా ఇంట్లో ఎవరూ గోడ మీద రాయని నియమం.

నాయనమ్మ పోయిన తరువాత వచ్చిన మొదటి సోమవారం, గృహ సాయంకాలం వద్దని నాన్నగారు అన్నారు, కావాలని తమ్ముడు పట్టుబట్టాడు. చివరకు అందరం కూర్చున్నాం. అన్ని విషయాలలోనూ ప్రభువుకు కృతజ్ఞతలు చెల్లించమని మా సంఘపు మరో లేఖనమైన సిద్ధాంతము మరియు నిబంధనల గ్రంథం యాభై తొమ్మిదవ ప్రకరణంలో ఒక ఆజ్ఞ ఉంది. నాన్నగారు ఆ రోజు దాని వెనుక సంగతి చెప్పారు. ఆ దైవప్రకటన మా సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్‌కు 1831 ఆగస్టు 7న మిస్సోరీలోని జాక్సన్ కౌంటీలో వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని కోల్స్‌విల్ నుంచి అక్కడికి తరలివచ్చిన సభ్యులలో పాలీ నైట్ అనే ఆమె దారి పొడవునా జబ్బుతోనే ప్రయాణించింది. ఎక్కడ ప్రాణం పోతుందో అని కొడుకు న్యూవెల్ మధ్యలో పడవ దిగి శవపేటికకు కావలసిన చెక్క కొని వెంట తెచ్చుకున్నాడు. ఆమె ఆ నేల మీద కాలు పెట్టగలిగింది, కొద్ది రోజులకే కన్నుమూసింది. ఆమె కోసం దుఃఖిస్తున్నవాళ్ళ మధ్యనే ఆ ఆజ్ఞ వెలువడింది. దుఃఖించవద్దని అందులో లేదు అని నాన్నగారు చెప్పి, ఇక ముందుకు సాగలేక గ్రంథం అమ్మ చేతికి ఇచ్చారు.

ఆ రోజు కృతజ్ఞతల వంతులో అమ్మ తన షరతును సడలించింది. ఏడు రోజుల్లో జరిగినదే కానక్కరలేదు, నాయనమ్మ చేసిన పని ఏదైనా ఒకటి చెప్పండి అంది. చాలా పొద్దుపోయే వరకు చెప్పుకున్నాం, మధ్యలో నవ్వుకున్నాం కూడా, ముఖ్యంగా ఆమె ప్రార్థనల గురించి. తరువాత వారం నుంచి పలక దగ్గర చిక్కు వచ్చింది: మేకులు ఐదు, పేర్లు నాలుగు. ఎవరో ఒకరు రెండు పనులు చేయవలసి వచ్చేది, ఆ రెండోది ఎవరికి పడాలన్న విషయంలో నేనూ తమ్ముడూ వాదించుకోని వారం లేదు. ఒక మనిషి ఇంట్లో ఎంత పని మోసిందో ఆ వాదనలే మాకు చెప్పాయి.

2020 నవంబరులో ప్రపంచమంతా కోవిడ్‌తో అల్లాడుతున్నప్పుడు, అప్పటి మా సంఘాధ్యక్షుడు రస్సెల్ ఎం. నెల్సన్ ఒక వీడియో సందేశం ఇచ్చారు. వృత్తిరీత్యా గుండె శస్త్రచికిత్స నిపుణుడైన ఆయన, తనకు తెలిసిన మందులన్నిటి తరువాత కృతజ్ఞతలో ఉన్న స్వస్థపరచే శక్తి గురించి మాట్లాడి, ఏడు రోజుల పాటు సామాజిక మాధ్యమాలను కృతజ్ఞతలు రాసుకునే డైరీలుగా మార్చమని కోరారు. చాలామంది రాశారు, నేనూ రాశాను. ఆ పిలుపు మంచిదే. ఆ రోజుల్లో ఫోను తెరిస్తే మరణవార్తలు కాకుండా మరొకటి కనబడటమే ఊరట. కానీ రాసినవాటిలో చాలా భాగం ఆరోగ్యం, కుటుంబం, విశ్వాసం అంటూ నా చిన్నప్పటి తమ్ముడి వరుసలాగానే ఉన్నాయని నాకు అనిపించకపోలేదు. అందుకని మా పిల్లలకు అమ్మ షరతులే పెట్టి, కృతజ్ఞతలు చెప్పవలసినవాళ్ళకు వాళ్ళ చేత ఫోను చేయించాను. మా పాప తన తరగతి టీచరుకు ఫోను చేసి, తెర మీద పాఠం చెబుతున్నప్పుడు వెనకాల మీ బాబు ఏడుస్తున్నా మీరు మాకు చెప్పడం ఆపలేదు, తరువాత వాడిని ఎత్తుకుని చెప్పారు, అందుకు థాంక్స్ అండీ అంది. అటువైపు నుంచి చాలాసేపు మాట రాలేదు.

ఇప్పుడు మా ఇంట్లో పలక లేదు. అది తమ్ముడి దగ్గర ఉంది, జరిపే అధికారం వాడిదే కాబట్టి నేను అడగలేదు. మేము ఫ్రిజ్ మీద అంటించిన కాగితంతో సరిపెట్టుకుంటున్నాం. 2019 నుంచి ఆదివారం కూడికలు రెండు గంటలకు తగ్గి, ఇంట్లో చదువుకోవడానికి ప్రాధాన్యం పెరిగాక, గృహ సాయంకాలాన్ని తమకు వీలైన రోజున జరుపుకునే వెసులుబాటు కుటుంబాలకు వచ్చింది. బాబు ట్యూషన్ వల్ల మాది ఆదివారానికి మారింది. సోమవారాన్ని వదులుకోవడానికి నాకు మనసు ఒప్పలేదు కానీ, పిల్లలకు ఆ బెంగ ఏమీ లేదు.

అమ్మ షరతులకు మా పాప ఈ మధ్య ఒక సవరణ ప్రతిపాదించింది. ఎవరికి కృతజ్ఞతలు చెబుతున్నామో ఆ మనిషి మన గదిలో లేకపోతే, వచ్చే కూడికలోగా ఆ మాట వాళ్ళకు చేరవేయాలట, చేరవేయనివాళ్ళకు ఆ వారం ఫలహారం సగమేనట. నానమ్మను అడగకుండా షరతులు మార్చకూడదని బాబు అభ్యంతరం చెప్పాడు. ఫోను చేసి అడిగారు. సవరణ బాగుంది కానీ ఫలహారం కోత పెట్టకూడదని, అలా పెడితే అది జరిమానా అవుతుందని అమ్మ తీర్పు ఇచ్చింది. పాప ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ వాదిస్తానంటోంది.